పంక్తికి ముందు మునక

పొద్దున పూట జాతవేదన్ నంబూదిరి ఎవరికీ ఏమీ కాడు. కూతురు దేవుకి మాటలు సరిగా రాకముందే అమ్మాళుక్కుట్టి నేర్పిన పాఠం ఇది. ఆయన రాత్రి భోజనం తన ఇంట్లో ముగించుకుని వీళ్ళ ఇంటికి వస్తాడు. మంచినీళ్ళు కూడా ముట్టడు. తెల్లవారకముందే లేచిపోయి కొలనులో మునుగుతాడు. ఆ మునకకీ మధ్యాహ్న భోజనానికీ మధ్య ఎక్కడైనా ఎదురైతే పక్కకి తప్పుకోవాలి. ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆయన మళ్ళీ స్నానం చెయ్యాలి, ఆయన కోసం అక్కడ పంక్తి అంతా ఆగాలి. ఇక "నాన్నా" అన్న మాట పొద్దున్నే కాదు, ఏ పూటా లేదు. ఊళ్ళో అందరూ నంబూదిరిని పిలిచినట్టే "తిరుమేనీ" అనాలి.

నంబూదిరి బ్రాహ్మణుల ఇళ్ళలో పెద్దకొడుకు ఒక్కడే సొంత కులంలో పెళ్ళాడతాడు. ఆస్తి ముక్కలు కాకూడదని అలా పెట్టుకున్నారు. తక్కినవాళ్ళు తమ కింది కులమైన నాయర్ల ఇళ్ళకి రాత్రిళ్ళు వెళ్ళి వస్తారు. పుట్టిన పిల్లలు తల్లి ఇంటివాళ్ళవుతారు. జాతవేదన్ మూడోవాడు. అమ్మాళుక్కుట్టి వడక్కేతిల్ వారి పిల్ల, మేనమామ చాత్తు నాయర్ చెప్పుచేతల్లో ఉన్న ఇంట్లో పెరిగింది. నిళా నది ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఇలాంటి ఇళ్ళే. దీన్ని ఎవరూ ఒక కష్టంగా అనుకోలేదు.

అనుకున్నవాడు జాతవేదన్ ఒక్కడే. ఆయన రాసేవాడు. తాటాకు గొడుగు చాటున ముఖం దాచుకుని, దాసీ ముందు నడిస్తే తప్ప గడప దాటలేని తమ ఆడవాళ్ళ గురించి రాసేవాడు. ముసలి భర్త పోతే పదహారేళ్ళకే నగలు ఒలిచేసి వంటింటి వెనక మూల కూర్చోబెట్టిన సవతితల్లి గురించి రాశాడు. త్రిశ్శూరు నుంచి వచ్చే మాసపత్రిక అచ్చువేసేది. పత్రిక చేరితే ఆయన అన్నలు దాన్ని పొయ్యిలో పెట్టించేవాళ్ళు. రాసిన ప్రతి కథా ముందు అమ్మాళుక్కుట్టికే చదివి వినిపించేవాడు. తమలపాకులు తుడుస్తూ వినేది ఆమె. అంత మంచి మనిషి తన గుమ్మం తొక్కుతున్నాడని గర్వంగానే ఉండేది.

నాలుగేళ్ళప్పుడు దేవు కొబ్బరి కోరాము మీద కాలు వేసింది. అరికాలు చీరుకుపోయింది. ఏడుస్తూ వాకిట్లోకి పరిగెత్తింది. అప్పుడే స్నానం చేసి, వడక్కేతిల్ కంచె పక్క దారిన జాతవేదన్ వెళుతున్నాడు. పిల్ల చేతులు చాపి ఆయన మీదికి వెళ్ళింది. ఆయన రెండు చేతులూ పైకెత్తి, ముళ్ళకంప అడ్డొచ్చినట్టు వెనక్కి జరిగాడు. "అమ్మాళూ, పిల్లని తీసుకో" అన్నాడు, చాలా మెల్లగా. నెత్తురు చుక్కలు ఆయన పాదాల దగ్గర పడ్డాయి. తాకాయో లేదో తేల్చుకోలేక మళ్ళీ కొలనుకే తిరిగాడు.

మరుసటి నెల పత్రికలో ఆ కథ వచ్చింది. అందులో తండ్రి, స్నానం చేసి వస్తున్నవాడు, నెత్తురోడుతున్న బిడ్డని ఎత్తుకుని గుండెకి అదుముకుంటాడు. మరకలు పడ్డ ఆ పంచెతోనే వెళ్ళి పంక్తిలో కూర్చుంటాడు. అచ్చుకి పంపేముందు, ఎప్పటిలాగే, జాతవేదన్ దాన్ని చదివి వినిపించాడు. ఎక్కడెక్కడివాళ్ళో ఆ కథకి కంటతడి పెట్టారని తర్వాత తెలిసింది. విన్న రాత్రి అమ్మాళుక్కుట్టి తమలపాకు తుడవడం ఆపి అడిగింది.

"ఈ తండ్రి ఏ ఊరివాడు తిరుమేనీ?"

ఆయన కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "ఏదో ఒకనాడు ఈ ఊరివాడే అవుతాడు" అన్నాడు.

ఆ మాటని ఆమె వదల్లేదు. లోపల ఎక్కడో దాచుకుంది. ఆయన మాత్రం మాట నిలబెట్టుకునే దారిలోనే నడుస్తున్నట్టు కనిపించాడు. పిలక కత్తిరించుకున్నాడు. పెద్దన్న ఆయన విస్తరిని పంక్తిలోంచి తీయించి బయటి వసారాలో వేయించాడు. అది తనకి దక్కిన సన్మానమని జాతవేదన్ అందరితో నవ్వుతూ చెప్పాడు. సభల్లో మాట్లాడాడు. చివరికి, దేవుకి పదేళ్ళు వచ్చిన ఏడాది, నది ఒడ్డున ఒక స్నేహితుడి ధాన్యపు కొట్టం ముందు అన్ని కులాలవాళ్ళూ ఒకే పంక్తిలో కూర్చునే భోజనం పెట్టిస్తున్నానని చాటించాడు. తన కుడిపక్క విస్తరి తన కూతురిదని అమ్మాళుక్కుట్టితో చెప్పాడు. ఆ రోజు పిల్ల తనని నాన్నా అనే పిలవాలన్నాడు.

చాత్తు నాయర్ మేనకోడల్ని వసారాలోకి పిలిపించాడు.

"అంటరాని పులయవాళ్ళ పక్కన కూర్చుని తినడానికి వెళతావటే?"

"దాని నాన్న పక్కన కూర్చుని తినడానికి వెళుతుంది మామా. నేను తోడు వెళుతున్నాను."

"నాన్నా? అతగాడు రాసేదంతా ఆడవాళ్ళ కన్నీళ్ళేనటగా. మనింట్లో కూడా రెండు జతల కళ్ళున్నాయి, వాటి మీద ఒక్క వాక్యం పడిందేమో అడుగు." వక్క నోట్లో వేసుకుని నింపాదిగా నమిలాడు. "వెళ్ళు. కాళ్ళు కట్టెయ్యను. అక్కడ తిని వచ్చాక మాత్రం ఈ వంటిల్లు తొక్కకు. నువ్వూ అంతే, అదీ అంతే."

ఆమె రాత్రంతా ఆలోచించలేదు. ఆలోచించడానికి ఏముంది? ఊరంతా చూస్తుండగా, పట్టపగలు, తండ్రి పక్కన కూతురికి ఒక విస్తరి. దానికి బదులు ఒక వంటిల్లు. పొద్దున్నే దేవుకి తల దువ్వి, "నాన్నా" అని పదిసార్లు అనిపించింది. పిల్లకి ఆ మాట నోరు తిరగలేదు. ప్రతిసారీ నవ్వేసేది.

కొట్టం ముందు అరటాకులు పరిచారు. కల్లుగీసే ఈళవవాళ్ళు వచ్చారు, చదువుకున్న నాయర్ కుర్రాళ్ళు వచ్చారు, పులయవాడల నుంచి ముసలి కోరన్ తనవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. కోరన్ అంతవరకు ఏ నంబూదిరికీ అరుపు దూరంలోకి కూడా వచ్చి ఎరగడు. ఆకు ముందు కూర్చుని కూడా మోకాళ్ళు దగ్గరకి ముడుచుకున్నాడు. అవతల గట్టు మీద పెద్దన్న మనుషులు, వాళ్ళ వెనక ఊళ్ళో పనిలేని వాళ్ళంతా చేరారు. చాత్తు నాయర్ కూడా వచ్చి, గొడుగు కింద నిలబడ్డాడు.

పెరుగు కాళన్, గుమ్మడికాయ ఎరిశ్శేరి వడ్డించారు. జాతవేదన్ స్నానం చేసి, నుదుట చందనంతో, వంటవాళ్ళ దగ్గర నిలబడి ఏదో పురమాయిస్తున్నాడు. "వెళ్ళు" అని అమ్మాళుక్కుట్టి పిల్ల వీపు మీద చెయ్యి వేసి తోసింది. అలా తోసిన తన చేతిని ఆమె జన్మలో మరిచిపోలేదు. దేవు వెనకనుంచి వెళ్ళి ఆయన వేళ్ళు పట్టుకుని, "నాన్నా" అంది.

ఆయన తిరిగి చూడలేదు. పురమాయిస్తున్న మాట పూర్తి చేశాడు. వేళ్ళు విడిపించుకున్నాడు. పక్కనే ఉన్న కొలను మెట్లు, ఇరవయ్యేళ్ళుగా దిగుతున్నవాడిలా, దిగి వెళ్ళి మునిగాడు. లేచి, ముఖం తుడుచుకుని, మెట్టెక్కి నిలబడ్డాక చూశాడు. పంక్తి మొత్తం ఆయన వైపే చూస్తోంది.

అప్పటిదాకా ఆయన ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియదని అమ్మాళుక్కుట్టికి అర్థమైంది. మనసు చెప్పి చేయించి ఉంటే క్షమించేదేమో. ఇది ఒళ్ళు చేసిన పని. ఒళ్ళు అబద్ధమాడదు.

గట్టు మీద నవ్వు మొదలైంది. "నీళ్ళు చల్లగా ఉన్నాయా తిరుమేనీ?" అని ఎవడో అరిచాడు. చాత్తు నాయర్ నవ్వలేదు. గొడుగు ముడిచి ఇంటిదారి పట్టాడు. చూడవలసింది చూశాడు.

కోరన్ ఆకు ముందునుంచి మెల్లగా లేచాడు.

"మేం ఇంకా ముట్టుకోలేదండీ తిరుమేనీ" అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. "ఆ పిల్ల మీ పిల్లే కదా."

జాతవేదన్ నీళ్ళు కారుతున్న పంచెతోనే మెట్ల మీదినుంచి వచ్చాడు. చేతులు చాపి, "దేవూ, రా అమ్మా, వచ్చి కూర్చో" అన్నాడు. దేవు తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. పంచెకి మట్టి అంటించానేమో అనుకున్నట్టుంది. రెండడుగులు వెనక్కి వేసి, దారిలో తప్పుకునే దూరానికి సరిగ్గా వెళ్ళి నిలబడింది.

"తెలియక ముట్టుకున్నాను తిరుమేనీ" అంది.

అమ్మాళుక్కుట్టి పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆ కుడిపక్క ఆకు దగ్గరకి తీసుకెళ్ళలేదు. పంక్తి చివరికి, కోరన్ వదిలేసిన ఆకు దగ్గరకి నడిచింది. కోరన్‌ని మళ్ళీ కూర్చోమంది. ఆ పక్కన తాను కూర్చుంది, పిల్లని కూర్చోబెట్టింది. "మీరు స్నానం చేశారు కదా, తినండి" అని భర్తతో అంది. తర్వాత అన్నం కలిపింది. ఆకలిగా ఉందని కాదు. ఇంటికి వెళితే ఇక అన్నం లేదు.

వంటింట్లోకి నిజంగానే రానివ్వలేదు. పశువుల పాక పక్క గదిలో కాపురం పెట్టింది. జాతవేదన్ ఆ రాత్రి వచ్చి గడప బయట కూర్చుని ఏడ్చాడు. ఆమె తలుపు తీయలేదు. మరుసటి నెల పత్రికలో ఆయన ఆ భోజనం గురించి రాశాడు. దాంట్లో కొలను లేదు. కూతురి చెయ్యి పట్టుకుని పంక్తిలోకి నడిచిన తండ్రి ఉన్నాడు. దూరప్రాంతాల వాళ్ళు ఆ రచన చదివి ఆయన్ని మహానుభావుడన్నారు. ఊళ్ళో పడవవాళ్ళు మాత్రం మునక నంబూదిరి అన్నారు. పేరు రెండోదే నిలిచింది.

తర్వాత చిన్నకొడుకులు కూడా సొంత కులంలోనే పెళ్ళాడాలని ఉద్యమం వచ్చింది. ఆయనే దానికి ముందు నిలబడ్డాడు. ఆర్య అనే అమ్మాయిని, గొడుగు పారేయించి, పెళ్ళాడాడు. మంచి పనే. అందరూ మెచ్చుకున్నారు. ఆ మంచి పని వల్ల వడక్కేతిల్ పాక పక్క గదికి దారి మూసుకుపోయిందని ఎవరూ ఎక్కడా రాయలేదు. రాయగలిగినవాడు ఆయనొక్కడే.

దేవు పెరిగి, బడిలో పాఠాలు చెప్పే పనిలో చేరింది. ఎవరి చెయ్యీ తనంతట తాను పట్టుకోదని తోటివాళ్ళు అనుకునేవారు.

జాతవేదన్ మంచాన పడ్డాడని ఆర్య కబురు పంపింది. గొంతు కిందకి గంజి కూడా దిగడం లేదట, కూతుర్ని ఒక్కసారి చూడాలంటున్నాడట. తల్లీకూతుళ్ళు పడవ దాటి వెళ్ళారు. పొద్దున పూట. ఆర్య ఆయన ఒళ్ళు తుడిచి, నుదుట చందనం పెట్టింది. గిన్నెలో గంజి పక్కన పెట్టి ఉంది. కూతుర్ని చూడగానే ఆయన కళ్ళు నిండాయి. దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీసి చాపాడు.

దేవు గుమ్మం దగ్గరే ఆగింది.

"స్నానం అయిందా?" అని ఆర్యని అడిగింది.

"ఇప్పుడే ఒళ్ళు తుడిచానమ్మా."

"భోజనం?"

"ఎక్కడ? మింగలేకపోతున్నారు."

దేవు తల ఊపింది. "అయితే భోజనం అయ్యాక వస్తాను తిరుమేనీ" అంది, ఎంతో మర్యాదగా.

అమ్మాళుక్కుట్టి నోరు తెరవబోయింది. ఆ దూరం నేర్పింది తానే. ఆ మాట నేర్పిందీ తానే. వసారాలో కూతురి పక్కన కూర్చుంది. లోపల ఆర్య చెంచాతో గంజి తాగిస్తుండటం, ఆయన కక్కుతుండటం వినిపిస్తూనే ఉంది. ఇంకోసారి పట్టమని ఆయనే అడిగాడు. మళ్ళీ కక్కాడు. మధ్యాహ్నం దాటింది. చాపిన చెయ్యి మంచం పట్టె మీదనుంచి కిందికి వేలాడుతోంది. గంజి గిన్నెలో గంజి అలాగే ఉంది.