తగువు ఆగకూడదు

వలసపోయే కుటుంబాల పిల్లలకు అండగా నిలబడడం నా ఉద్యోగం. ఊళ్లో తగువులు తీర్చడమే మన మొదటి పని అని కర్నూలు ఆఫీసులో శిక్షణ ఇచ్చి మరీ పంపించారు. నేను మాత్రం వెళ్లీ వెళ్లగానే ఇద్దరు ముసలమ్మల పాత తగువును ఎగదోశాను. ఆ తర్వాత అది చల్లారిపోకుండా కాపలా కాశాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. చలికాలం చివర్లో కోసిగి పక్క ఊళ్లు గుంటూరు మిరపకోతలకు బయల్దేరేవి. పిల్లలు, కోళ్లు, గిన్నెలు అన్నీ లారీలోనే. నేను చూసుకునే ఊళ్లో ఏడో తరగతి చదివే పిల్ల ఒకతి ఉండేది. లారీ ఎక్కితే పరీక్ష పోతుంది. పరీక్ష పోతే బడీ పోతుంది. అలా ఎక్కిన ఆడపిల్ల మళ్లీ పలక పట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"మా యమ్మ ఈడుంటే పిల్లను ఇడిసిపోతాం మేడమ్. ఒంటిగా అయితే ఇడిసేది లేదు," అన్నాడు తండ్రి. న్యాయమైన మాటే. ఇంతేనా అనుకుని అవ్వ దగ్గరికి పోతే, ఆమె మూట కట్టుకుంటోంది.

"ఈ వయసులో మిరపకాయలు కోస్తావా అవ్వా?"

"కోసేకి కాదమ్మా. ఎదురింటిది పోతాండాది. అది లేకుంటే నేనీడ ఎవరితో కొట్లాడేది?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఇద్దరూ కొత్తకోడళ్లుగా వచ్చిన నాటి నుంచీ కొట్లాటేనట. మోరీలో పారే మురికినీళ్ల మీద, కోళ్ల మీద, చిమ్మిన చెత్త మీద. "తెల్లార్తానే లేసి, దాన్ని తిట్టకుండా ఏం చేయాల చెప్పు?" అంది. పిల్ల చదువు ఈ ముసలమ్మల నోటి దురద దగ్గర ఆగిపోయిందే అని నాకు ఒళ్లు మండిపోయింది.

ఎదురింటికి పోయి బతిమాలాను. "దాని మనమరాలు చదివితే నాకేమి?" అంది ఆ రెండో అవ్వ. నాకు తిక్క లేచింది.

"సరే, పో. నీకు భయమేసి పారిపోతున్నావని ఆమె అంటూనే ఉందిలే."

పచ్చి అబద్ధం. ఆమె చేతిలో మూట కింద పడింది. "నేనా? దానికి భయపడేదా? ఈన్నుంచి కదిలేదే లేదు!" కొడుకు లారీ మీద నుంచి ఎంత బతిమాలితే అంత బిగుసుకుంది.

లారీ పోయింది. ఊళ్లో కొందరు ముసలివాళ్లు, కుక్కలు, ఆ పిల్ల, ఆ తగువు మిగిలాయి. సాయంత్రాలు బస్సు దిగి వీధి మొదట్లోనే చెవి ఒగ్గేదాన్ని. తిట్లు వినిపిస్తే ప్రాణం కుదుటపడేది. అక్కడ పరిస్థితి ఎలా ఉందని మా ఆఫీసరు ఫోన్లో అడిగితే, "బాగా కొట్లాడుకుంటున్నారు సార్," అని సంతోషంగా చెప్పాను. ఆయన తన ప్రశ్న నాకు సరిగ్గా వినబడలేదనుకుని మళ్లీ మొదటి నుంచి అడిగాడు.

పరీక్షలు దగ్గర పడ్డాయి. ఒక సాయంత్రం బస్సు దిగితే చప్పుడు లేదు. పరుగున వెళ్లి చూస్తే ఇద్దరూ ఎవరి అరుగు మీద వాళ్లు నిమ్మళంగా కూర్చుని ఉన్నారు.

"దానికి జ్వరమమ్మా," అంది పిల్ల అవ్వ. "రొట్టె ఇచ్చొచ్చినా. తినె."

శిక్షణలో చెప్పినదంతా దానంతటదే జరిగిపోయింది. నాకు తల బాదుకోవాలనిపించింది. అవ్వ అప్పటికే నిట్టూరుస్తోంది. "ఇంక ఈడ ఏముండాది? పొద్దుపోయేదే లేదు. పిల్లను తోడుకొని నేనూ గుంటూరికి పోతా."

గడపలో పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్ల ఇదంతా వింది. లేచింది. పెరట్లో గంప కింద ఉన్న కోడిని వదిలి, ఎదురింటి వైపు తరిమింది. అది తిన్నగా పోయి అక్కడ ఆరబోసిన జొన్నల్లో పడింది. జ్వరంలో ఉన్న అవ్వ కట్టె పట్టుకుని లేచి నిలబడింది. వీధి మళ్లీ దద్దరిల్లింది.

పిల్ల వచ్చి పుస్తకం తెరిచింది. "పరీక్ష అయిపోయేదాకే మేడమ్," అంది మెల్లగా. "ఆమీట కోడిని బాగా మూసిపెడతా."

నేను తిరిగి బయల్దేరితే అవ్వ రొప్పుకుంటూ నా వెనకాలే వచ్చింది. "పిల్ల గంప లేపింది నేను చూసినా. ఎదురింటిదీ చూసింది."

"చూసి కూడానా?"

"పిల్ల అంత ఆశ పడతాంటే, తిట్టుకోకుండా ఎట్లుంటామమ్మా?"

ఎదురింటి నుంచి, "యాడికి పోతివే, నోరు పడిపోయెనా?" అని కేక. "వస్తాండా, ఉండు!" అంటూ అవ్వ ఉత్సాహంగా వెనక్కి తిరిగింది.

పరీక్ష రోజు పొద్దున ఇద్దరూ పిల్లను రోడ్డు దాకా తీసుకొచ్చారు. పిల్ల సంచిలో ఇద్దరి రొట్టెలూ ఉన్నాయి. ఎవరి రొట్టె గట్టిదో అని తిట్టుకుంటూనే పిల్లను బస్సెక్కించారు. బస్సు మలుపు తిరిగేదాకా గొంతులు తగ్గలేదు. అది కనబడకుండా పోయాక ఇద్దరూ ఒక్కసారిగా ఊరుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ రోడ్డు పక్కనే కూలబడ్డారు.