నీళ్ళు యాడికి పోతయని అడిగే మా కాక

మా కాక పోయిండు. మొన్న పొద్దుగాల దవాఖాన నుంచి ఫోనచ్చింది. ఎత్తంగనే "ఆప్ ఉన్‌కే కౌన్?" అని, ఆయనకు మీరేమైతరని అడిగిండ్రు. గట్ల అడిగిండ్రంటెనే సమజైంది. కరోనా రెండోసారి అచ్చినప్పటి సంది గీ ఫోన్లు ఇంటింటికీ అస్తున్నయి. పక్కన మా అక్క "ఏమన్నరురా?" అంటున్నది. నేను ఫోన్ జేబుల పెట్టుకోని చెప్పులు ఏసుకున్న. 

కాక అంటే మా నాయిన తమ్ముడు. సూరత్‌ల బమ్రోలిల బట్ట నేసే సాంచాలు నడిపేటోడు. నేను ఎనిమిదిల బడి ఇడిసిపెట్టి ఆయన దగ్గరికే అచ్చిన. ఒక్క ఖాతాల, అంటే సాంచాల కార్ఖానాల, నిలవకపోతుంటి. ఇయ్యాల ఈ సేఠ్ దగ్గర, రేపు ఇంకో సేఠ్ దగ్గర. అందరు తిట్టిండ్రు. కాక తిట్టలే. "కదులుడు మంచిదేరా. కని ఏ దిక్కు పోతున్నవో సూసుకో" అంటుండె.

ఆయన గూడ ఒక్క తీరుగ నిలబడకపోయేది. సాంచ ముంగట ఈ కాలు మీదికెల్లి ఆ కాలు మీదికి ఊగుకుంటనే పని చేసేటోడు. పక్కోళ్ళు "కాకా, పెండ్లి బరాత్ అనుకున్నవా?" అని నవ్వేటోళ్ళు. ఇంకో అలవాటుండె. యాడికి పోయినా, సిమెంట్ మెట్టైనా సరే, మడిమెతోని ఒకసారి తట్టి చూసి అడుగేసేటోడు.

గా రెండు అలవాట్లు చలి దేశంల అయినయి. నేను పుట్టకముందు ఏజెంటొకడు ప్యాకింగ్ పని అని చెప్పి కాకను రష్యాకు గూడ అవతల ఉన్న దేశానికి తోలిండు. ఆడ దించింది నల్ల నేల మీద. పీట్ అంటరంట. గదంతా మన్నే కాదు అనేటోడు కాక. నీళ్ళల్ల పెరిగి, నీళ్ళల్లనే చచ్చిన నాచు. నీళ్ళు పోనీకి తొవ్వ లేదు, చలికి కుళ్ళదు. ఎన్నో ఏండ్ల సంది ఒకదాని మీద ఒకటి పేరుకోని, ఒత్తుకోని నల్లగైందంట. కాలు పెడితే పరుపు లెక్క ఊగుతదంట. మనిషెత్తు గూడ లేని చెట్లు వయసుల మన తాతకన్న పెద్దయంట. కాకసొంటి కూలోళ్ళు కాల్వలు తీసి నీళ్ళు వదిలి, ఆ నేలను ఇటుకల లెక్క కోసి ఎండబెడితే, ఆడోళ్ళు పిడకల లెక్క పొయ్యిల పెట్టుకునేటోళ్ళంట.

ఒకసారి తనతోటి పని చేసేటోడు నడుముల దాకా దిగవడ్డడంట. మనోళ్ళు చెయ్యి ఇయ్యబోతే ఆడి ముసలాయన అరిచిండంట, లాగకుండ్రి, వాన్ని పండుకోమనుండ్రి అని. బోర్ల పండుకున్నోన్ని నేల మింగదంట. కాక గది మస్తుసార్లు చెప్పేటోడు. చివరికి గీ మాట అంటుండె: "నేల గట్టిగున్నదా అని అడగకు బిడ్డా. నీళ్ళు యాడికి పోతయో అడుగు." అందుకే వానకాలమచ్చిందంటె మా గల్లీల ఎవరు చెప్పకున్నా పార పట్టుకోని మోరీ తీసేటోడు.

మొదటి కరోనా ఏడాది వానల్ల మా గల్లీల ఎవరికో పాజిటివ్ అచ్చింది. గల్లీ మొఖానికి రేకులు కొట్టి మూసిండ్రు. అక్కకు నెలలు నిండినయి. బావ మా ఊర్లె ఇరుక్కున్నడు. ఆ రోజు మాపటికి నొప్పులు మొదలైనయి. నేను రేకుల కాడికి ఉరికిన. పోలీసాయన మంచిగనే చెప్పిండు, "ఎంబులెన్స్ ఆవే ఛే, ఊభో రహే" అని. బండి అస్తున్నది, ఆగు అని. ఆగినం. రాలే. అక్క గోడకు తల కొట్టుకుంటున్నది. పక్కింటి అవ్వ చెయ్యి పెట్టి చూసి "పిల్ల అడ్డం తిరిగింది, ఇంట్ల కాన్పు కాదు" అన్నది.

గల్లీ ఎనక ఖాడీ. వాగసొంటిదే, కని మిల్లుల నీళ్ళు, గంజి, బురద అన్ని అండ్లనే పడతయి. అవతల గట్టు మీద రోడ్డు. దోస్తుకు ఫోన్ చేస్తె ఆటో పట్టుకచ్చి నిలబడ్డడు. నాలుగొద్దుల సంది వాన లేదు, మధ్యల ఖాడీ ఎండినట్టే కనబడుతున్నది. గంజి మీద మీగడ కట్టినట్టు పైన పొర. నేను కాలు పెట్టబోయిన. కాక నా అంగీ పట్టి గుంజిండు. "కింద గదే ఉన్నది" అన్నడు. గంతే. గా చలి దేశం నల్ల నేల సంగతే అని సమజైంది.

ఇంటి తలుపు ఊడవీకిండు. మూసున్న ఖాతా తాళంచెవి ఆయన తానే ఉండె. లోపలికెల్లి సాంచ మీద నేసిన తెల్ల బట్ట, తాకాలు తాకాలు, అంటే చుట్టలు చుట్టలు, భుజాల మీద తెచ్చిండు.

"సేఠ్ సంపుతడు కాకా!"

"బట్ట ఉతుకచ్చురా. పట్టు."

బురద మీద బట్టను రెండు మూడు మడతలు పరిచి, దాని మీద తలుపు పెట్టి, తలుపుకు తాడు కట్టి, అక్కను పండవెట్టినం. అంత నొప్పిల గూడ అక్క "నన్ను తాకా లెక్క దొర్లిస్తవా కాకా?" అన్నది. "తాకాకన్న బరువున్నవ్ బిడ్డా, సప్పుడు చేయకు" అన్నడు. కాక ముంగట బోర్ల పాకుకుంట బట్ట పరుస్తున్నడు, తాడు గుంజుతున్నడు. నేను ఎనక మోకాళ్ళ మీద నూకుతున్న. బట్ట మీదికి నల్ల నీళ్ళు ఊరుతున్నయి. నడుమల తలుపు ఆగింది. అక్క పెద్దగ మొత్తుకున్నది. నాకు ఓపిక పోయింది, జోరుగ నూకుదామని లేచి నిలబడ్డ. కుడి కాలు తొడ దాకా దిగింది.

"కాకా!"

కాక ఎనక్కి చూడలే. "పండుకోరా! కాలు దానంతటది అస్తది. తలుపు నూకు!"

పండుకున్న. బురద నోట్ల పోయింది. కాలు ఇగ రాదనుకున్న, వచ్చింది. చెప్పు రాలే. గట్టు మీదికెల్లి మా దోస్తు తాడు అందుకున్నడు. కాక పక్కకు జరిగి భుజంతోని ఆఖరిసారి నూకిండు. తలుపు గట్టెక్కింది.

ఆ రాత్రే అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరు బతికిండ్రు. మర్నాడు కాక తలుపు కడిగి మళ్ళ బిగించుకుంట కూసున్నడు, గోర్లల్ల నలుపు అట్లనే ఉన్నది. సేఠ్ అరిచిండు, తర్వాత పిల్ల సంగతి అడిగి పోయిండు. ఇప్పుడు ఆ పిల్ల గోడ పట్టుకోని నిలబడుతున్నది.

కాకను మాకు చూపియ్యలే. కవర్ల చుట్టి బండ్ల పెట్టిండ్రు, మేము రోడ్డు అవతల నిలబడ్డం. గందుకే నేను ఆ కవరును యాది చేసుకోను. ఆ మాపు అక్కను ఎక్కించుకోని ఆటో కదిలినప్పుడు ఎనక్కి సూసిన, గది యాది చేసుకుంట. నూకిన జోరుకు కాక కిందికెల్లి ఆఖరి తాకా జారిపోయింది. కాక గట్టు కింద ఖాడీల బోర్ల పండుకోని ఉన్నడు, రెండు చేతులు బార్ల చాపి, చెంప బురదకు ఆనించి. చుట్టూ తెల్లబట్ట అంచుల కాడికెల్లి మెల్లగ నల్లగైతున్నది. నేను ఆటోలకెల్లి దుంకబోయిన. ఆయన తల గూడ ఎత్తలే. ఒక్క చెయ్యి మాత్రం లేపి, కోళ్ళను అదిలించినట్టు, పో పో అని ఊపిండు.