పాలిపోయిన చేను, పచ్చబడ్డ చెరువు

వారమంతా ఆటోనగర్‌లో మెకానిక్ పని, గ్రీజు చేతులతో ఉండేవాణ్ణి. ఆదివారం ఉయ్యూరు దగ్గర మా పొలం గట్టు మీద కూర్చుంటే ఒళ్లు తేలిపోయేది. వరి మీద గాలి అలలు అలలుగా వెళుతుంటే అది నిద్రో మెలకువో తెలిసేది కాదు.

మా వైపు చేను ముదురాకుపచ్చగా ఉంటే నల్లగా ఉందంటారు. పక్క రైతు చేను నల్లగా ఉంది, నాది పాలిపోయి ఉంది.

"ఆదివారం రైతుగారూ, మీ చేనుకి జ్వరమొచ్చిందేంటండీ?" అని నవ్వాడాయన. నాకు ఒళ్లు మండింది. నీళ్లు తీసేసి బురదలో యూరియా చల్లమని కూడా చెప్పాడు. వింటేగా! నిండా నీళ్లున్న మళ్లోనే ఒకటికి రెండింతలు చల్లేశాను. అంతలో మబ్బు కమ్మింది. చేను మునుగుతుందేమోనని పారతో గట్టు తవ్వి మడవ తీశాను. నీళ్లు మెల్లగా కాలువలోకి జారుతుంటే ఆ చప్పుడు వింటూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

ఆ కాలువ నీళ్లే దిగువన ఒకావిడ చేపల చెరువులోకి వెళతాయి. ఇంటిల్లిపాదీ ఆ చెరువు మీదే బతుకుతారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఆ పూట గుర్తు రాలేదు, అంతే.

మరుసటి ఆదివారానికి చెరువు చిక్కటి ఆకుపచ్చగా మారింది. ఎంత ముద్దొచ్చిందో! పట్టు లంగా పరిచినట్టుంది. ఫోటో తీసి మా ఆవిడకి పంపాను కూడా.

ఆపై ఆదివారం పొద్దున్నే, ముసురులో, చెరువు నిండా చేపలు తెల్లటి పొట్టలతో తేలుతున్నాయి. ఆవిడ మోకాలి లోతు నీళ్లలో నిలబడి వాటిని బుట్టకెత్తుతోంది. పాచి పెరిగిపోయి, నీళ్లలో గాలి చాలక చచ్చాయట.

"ఎవరి చేలోంచి ఎరువు దిగిందోనండీ. ఎవర్నని అడుగుతామండీ?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. పైన నా చేను ఇంకా పాలిపోయే ఉంది. దానికి రావాల్సిన పచ్చదనమంతా ఇక్కడికే వచ్చింది.

ఆవిడ గట్టెక్కి, చేతులు కొంగుకి తుడుచుకుని, ఓ బకెట్ నా ముందు పెట్టింది. అందులో రెండు కొరమీనులు కదులుతున్నాయి. అవి పైకొచ్చి గాలి మింగే చేపలు కాబట్టి మిగిలాయి.

"బతికినవి ఇవేనండీ. మీరు ఆదివారం వస్తారుగా, మీకని ఉంచాను. పట్టికెళ్లండి."

నా మడవ నీళ్లేనండీ అని నోటిదాకా వచ్చింది.

"థాంక్సండీ," అని బకెట్ అందుకున్నాను.