బిగింపు మాస్టారి నాలుగు మరలు

మా ఫ్యాక్టరీలో పరీక్ష బల్ల దగ్గర కూర్చునే పెద్దమనిషిని మేమంతా బిగింపు మాస్టారు అంటాం. ఎదురుగా కాదులెండి. ఆయన చేతిలో పడ్డ మర మళ్ళీ వదులు కావడమంటూ ఉండదు. ఇంట్లో ఆయన కట్టేసిన కుళాయి తిప్పడానికి ఆయన భార్య పక్కింటివాళ్ళని పిలుస్తుందట. ఈ కబురు మాకు మోసుకొచ్చింది ఆవిడ చెల్లెలే, అంటే మాస్టారికి స్వయానా మరదలు. మా దగ్గర చిప్పులు అతికించే సోల్డరింగ్ పని ఆమెదే. ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా మాస్టారే.

మేం తయారుచేసేది దుకాణాల్లో వాడే తూకం యంత్రాల లోపలి బోర్డులు. ప్రతి బోర్డు మీదా బియ్యపు గింజంత రిఫరెన్స్ చిప్ ఒకటి ఉంటుంది. దాని పని ఒక్కటే, ఏం జరిగినా సరిగ్గా రెండున్నర వోల్టులు ఇస్తూ ఉండడం. యంత్రం లెక్కలన్నీ దాన్ని నమ్ముకునే చేస్తుంది. అది కాస్త అటూ ఇటూ అయిందంటే తూకం అబద్ధమాడుతుంది. అందుకే మాస్టారు ప్రతి బోర్డునీ ఇనప పీట మీద పెట్టి, నాలుగు మూలలా నాలుగు మరలు బిగించి, మీటరు తగిలించి చూస్తారు.

సోమవారం నుంచి పేచీ మొదలైంది. పది బోర్డులు పెడితే నాలుగు తక్కువ చూపిస్తున్నాయి. మాస్టారు కొత్త చిప్పులు వేయించి చూశారు, అవీ అంతే. కరెంటు సరఫరా చూశారు, మీటరు మార్చారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది ఎవరు? చిప్పుకి వేడి ఎక్కువ తగిలించిందంటూ మరదలి పేరు రిజిస్టరులో ఎక్కించారు. సొంతమనిషిని వెనకేసుకొచ్చాడని ఎవరైనా అంటారేమోనని, మామూలుకన్నా పెద్ద అక్షరాలతో మరీ రాశారు. ఆయన నిజాయితీ అలాంటిది, ఇంట్లోవాళ్ళకి దెబ్బ తగిలితేగానీ ఆయనకి తృప్తి ఉండదు.

బుధవారానికి అలాంటివి నలభై ఒకటి పోగయ్యాయి. మేనేజరు వచ్చి, "రేపట్నుంచి ఆవిడ ప్యాకింగులో కూర్చుంటుంది" అని చెప్పి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళు సోల్డరింగ్ చేసిన మనిషిని అట్టపెట్టెలకి టేపు అంటించుకోమనడం! మాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ బావగారిని ఆటపట్టించే ఆమె మాత్రం కిక్కురుమనలేదు. సామాను సర్దుకుని పరీక్ష బల్ల దగ్గరికి వచ్చింది.

"బావగారూ, ఆ తప్పేంటో వెళ్ళేముందు ఒక్కసారి నా కళ్ళతో చూస్తాను."

మాస్టారు సరేనని, అప్పుడే తక్కువ చూపించిన బోర్డు ఆమె చేతికిద్దామని పీట మీద మరలు విప్పసాగారు. మీటరు తీగలు ఇంకా బోర్డుకే ఉన్నాయి. రెండు మరలు ఊడేసరికి అంకె కదిలింది. నాలుగూ ఊడేసరికి సరిగ్గా రెండున్నర దగ్గరికి వచ్చి నిలబడింది.

"అదేంటి బావగారూ, బాగానే ఉందిగా?"

"ఉండు, ఉండు" అంటూ ఆయన మళ్ళీ బిగించారు. తగ్గింది. వదులు చేశారు. పెరిగింది.

సంగతేమిటంటే, ఈసారి వచ్చిన బోర్డుల్లో కొన్ని పాతవాటికన్నా పల్చన. మాస్టారి బిగింపుకి అవి వంగుతున్నాయి. ఆ ఒత్తిడికి చిప్పు తక్కువ చూపిస్తోంది. నలభై ఒక్క బోర్డుల్నీ మరలు ముట్టుకోకుండా మళ్ళీ పరీక్షించారు. నలభై ఒకటీ నెగ్గాయి.

మాస్టారిని ఎంత ఏడిపించినా ఈ ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఆయన తిన్నగా వెళ్ళి మేనేజరుని వెంటబెట్టుకొచ్చి, "తప్పు నా చేతిది సార్" అని అందరికీ వినబడేలా చెప్పారు. రిజిస్టరులో మరదలి పేరు నలభై ఒక్కసార్లు కొట్టేసి తన పేరు రాసుకున్నారు.

"అయితే ప్యాకింగుకి మిమ్మల్ని పంపాలా?" అని మేనేజరు నవ్వాడు.

"వద్దు సార్, ఆయన మూసిన పెట్టె కొన్నవాళ్ళు జన్మలో తెరవలేరు" అంది మరదలు. మేమంతా ఘొల్లున నవ్వాం.

మాస్టారు నవ్వలేదు. "మూడు రోజులు నీ మీద రాస్తుంటే ఒక్క మాటైనా ఎదురు చెప్పలేదేం?" అని అడిగారు.

"మీరు రాశారు కదా బావగారూ. మీరు రాశారంటే నిజమే అయ్యుంటుందనుకున్నా. నా చెయ్యి ఇక పనికిరాదు కాబోలు అనుకున్నా."

మాస్టారు ఆ రిజిస్టరు మూసేశారు. ఆమె సర్దుకున్న సామాను తనే ఎత్తుకుని సోల్డరింగ్ బల్ల దగ్గరికి నడిచారు.