పాదరసంతో పందెం

స్కానింగ్ విభాగంలో ఆయన్ని అందరూ పాదరసం అంటారు. ఎదురుగానే అంటారు, ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకుంటాడు. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, నిలబడితే మడమ తాళం వేస్తుంది. ఇంట్లో ఒకచోట కూర్చుని అన్నం తిన్న పాపాన పోలేదట.

"మా పెళ్ళి ఫొటోల్లో నా పక్కనున్నది ఎవరో దేవుడికే తెలియాలమ్మా" అంది అక్కడే నర్సుగా చేసే ఆయన భార్య.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం పిల్లల్ని కదలకుండా పడుకోబెట్టడం.

మా పాపకి వెన్నుపాము లోపల నీటితిత్తి ఉందని పోయినసారి స్కానులో తేలింది. పెరిగితే ఆపరేషన్, పెరగకపోతే కనిపెట్టుకుని ఉండటం. పాప కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. మత్తిచ్చి మళ్ళీ తియ్యాలి. ఫిజిక్స్ చదువుకున్నదాన్ని కాబట్టి ఈ స్కాను యంత్రంలోని పెద్ద అయస్కాంతం గురించి దానికి ముందే పాఠం చెప్పాను. ఫలితంగా అది గుమ్మం దగ్గరే బల్లిలా గోడకి అతుక్కుపోయింది.

"ఏం బంగారం, లోపలికొస్తావా?" అన్నాడు పాదరసం.

"రాను."

"పోనీ నేను పడుకుంటా. కదిలితే పట్టుకో" అంటూ బల్లెక్కాడు.

"మామయ్యా, బొటనవేలు!"

"అది నా మాట వినదే."

"ముక్కు!"

ఓడిపోయినట్టు నటిస్తున్నాడనుకున్నాను. భార్య తల అడ్డంగా ఊపింది. "నటన కాదమ్మా. ఈయన గెలవగా ఇంతవరకు ఎవరూ చూళ్ళేదు."

పాపకి ఒళ్ళు మండింది. "దిగు మామయ్యా. ఎలా పడుకోవాలో నేను చూపిస్తా." ఎక్కి పడుకుని ఆయన చెవిలో ఏదో చెప్పింది.

"ఒట్టు?"

"ఒట్టు."

నన్ను అద్దానికి ఇవతల ఆయన పక్కన కూర్చోబెట్టారు. లోపల యంత్రం దడదడలాడుతోంది. తెర మీద వెన్నుపాము, దాని మధ్యలో తెల్లటి చార. ఈ బొమ్మల్లో నీరు తెల్లగా కనబడుతుందని నాకు తెలుసు. ఎంత తెలుపైతే ఎంత ప్రమాదమో తెలియదు. ఆయన్ని అడిగి లాభం లేదు, డాక్టరుగారే చెప్పాలి. అందుకని ఆయన మోకాలు చూశాను.

ఊగడం లేదు. మడమ కూడా ఆగిపోయింది.

పుట్టాక ఆగని కాలు ఇప్పుడు ఆగిందంటే తెర మీద ఏం చూశాడో! పరిశీలన, ఆధారం, నిర్ధారణ: అంతా పద్ధతి ప్రకారమే జరిపి ఏడుపు మొదలుపెట్టాను.

"ఏంటమ్మా?" పెదవులు కదపకుండా అడిగాడు.

"మీ కాలు..."

"అదా! మీ అమ్మాయితో పందెం. తను కదలనంతసేపు నేనూ కదలకూడదు. లోపల్నుంచి నేను దానికి కనబడననుకోండి, కానీ ఒట్టేశానుగా. కాస్త ఏడుపాపండి, ప్రాణం పోతోంది నాకు."

బొమ్మలు స్పష్టంగా వచ్చాయి. డాక్టరుగారు పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూశారు. "తిత్తి పెరగలేదమ్మా. ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు. కొన్ని నెలలాగి మళ్ళీ చూద్దాం."

కొలిచి చూపించమన్నాను. చూపించారు. కొలతలో తేడా ఎంత రావచ్చో అడిగాను. చెప్పారు. ఇంకోసారి కొలవమనబోయేసరికి పాప నా చెయ్యి పట్టుకుని లాగింది.

"పెరగలేదన్నారు కదమ్మా. పద."