పురుషోత్తం సేటు వీపు మీది డబ్బా

2023 ఎండాకాలం. మిర్యాలగూడలో స్టేషన్‌కు పోయే దారిలో మా ఫిజియోథెరపీ క్లినిక్. రెండు బల్లలు, గోడకు ఒక కప్పీ, తాడు. ఎంత తుడిచినా మిల్లుల దుమ్ము పట్టే కిటికీ. బియ్యం మిల్లుల ఊరు కదా, భుజాల నొప్పులకు కొదవ లేదు. బస్తాలు మోసే హమాలీలు వస్తారు, గద్దె మీద కూర్చుని బిగుసుకుపోయిన సేట్లూ వస్తారు.

మిల్లు యజమాని పురుషోత్తం సేటుకు యాభై ఆరేళ్ళు. కుడివైపు ఫ్రోజెన్ షోల్డర్, అంటే కీలు చుట్టూ ఉండే పొర బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవదు. ఆరు నెలలుగా భార్య పద్మగారే ఆయనకు తల దువ్వుతున్నారు, చొక్కా తొడుగుతున్నారు. చెయ్యి ఎంత లేస్తోందో గోనియోమీటర్‌తో కొలిస్తే ప్రతిసారీ అదే అంకె. ఇంట్లో వ్యాయామం చేస్తేగా!

"గోడకు చెయ్యి పాకిచ్చుడేంది మేడం, బల్లి లెక్క?" అనేవారు.

ఒకరోజు పద్మగారు నన్ను గుమ్మం అవతలికి పిలిచారు. "చెయ్యి సంగతి తర్వాత మేడం. ఈయన మిల్లుకు పోతలేడు. నిద్ర లేదు, మాట లేదు. గోడ దిక్కు సూస్త కూసుంటడు. నాకు భయమైతుంది."

నాకూ భయం వేసింది. మనసు డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన మందులిచ్చి, ఒంటికి పని చెప్పే హాబీ ఏదైనా పెట్టుకోమన్నారట. నడక అన్నాను, సైకిల్ అన్నాను. దేనికీ సేటు తల ఊపలేదు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది.

"సరే, చిన్నప్పుడు చెయ్యాలనిపించీ చెయ్యనిది ఏదైనా ఉందా? అదన్నా చెప్పండి" అన్నాను విసురుగా.

ఆయన కిటికీ వైపు తిరిగారు. "ఈత" అన్నారు. "జాతకంల నీటిగండం ఉన్నదని మా అమ్మ దిగనియ్యలే. దోస్తులంత కాలువల దునికేటోళ్ళు. నేను ఒడ్డు మీద వాళ్ళ బట్టల కాడ కూసునేటోణ్ణి. ఇప్పటికీ ఎన్నడన్న కన్నంటుకుంటే అదే కల మేడం. నీళ్ళ లోపల పోతుంట. ఊపిరి ఆడుతనే ఉంటది."

నా కోపం ఎటు పోయిందో తెలియదు.

గొర్రెలు కాసే మల్లయ్య మోకాలి నొప్పికి త్రిపురారం నుంచి నా దగ్గరికి వచ్చేవాడు. వాళ్ళ ఊళ్ళో సగం మందికి ఈత నేర్పింది తనే. అతని పొలంలో మెట్ల బావి ఉంది. సేటుకు గుండె, బీపీ పరీక్షలు చేయించి, డాక్టరు సరేనన్నాక ఒక ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్ళాం.

ఖాళీ నూనె డబ్బాకు మూత బిగించి మల్లయ్య సేటు వీపుకు కట్టాడు. అది మనిషిని మునగనివ్వదు. నడుముకు కట్టిన తాడు కొస తన చేతిలోనే పెట్టుకున్నాడు. సేటు చివరి మెట్టు మీద అరగంట నిలబడ్డారు.

"నీళ్ళేం కరవయి సేటూ, జర వెల్లకిల పండు" అన్నాడు మల్లయ్య.

పడుకున్నారు. నీళ్ళు పచ్చగా, చల్లగా ఉన్నాయి. పైన గుండ్రంగా ఆకాశం, దాని అంచున వేపకొమ్మ. చెవులు నీళ్ళలో మునిగాక లోకం చప్పుడంతా ఆగిపోయిందనీ, తన ఊపిరి ఒక్కటే వినబడిందనీ తర్వాత చెప్పారు. ఆయన చొక్కా, కళ్ళజోడు ఒడిలో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్న నాకు కూడా కల గంటున్నట్టే ఉంది.

నీళ్ళలో చేతి బరువును నీళ్ళే మోస్తాయి. మా భాషలో హైడ్రోథెరపీ అంటాం. గోడ దగ్గర మొరాయించిన చెయ్యి అక్కడ మెల్లగా మాట వినసాగింది. సేటు రోజూ పోతున్నారు, నేను ఆదివారాలు పోయేదాన్ని. మూడోవారం మల్లయ్య నా చెవిలో ఒక రహస్యం చెప్పాడు.

"డబ్బల రోజింత నీళ్ళు పోస్తున్న మేడం. సేటుకు చెప్పకు. నిండినంక అది ఉన్నా లేనట్టే."

ఈమధ్య కట్టడం, విప్పడం నీళ్ళలోనే చేస్తాడు కనుక బరువు తెలియదట. "తాడు మాత్రం వదలకు" అన్నాను.

డబ్బా నిండిన రోజు సేటు వెల్లకిలా ఈదుతూ బావి అటు చివరికి వెళ్ళి తిరిగొచ్చారు. కుడిచెయ్యి చెవి పక్కనుంచి పైకి లేచి వెనక్కి వాలుతోంది. ఆరు నెలలు నేను లేపలేని చెయ్యి. నా కళ్ళు తడిశాయి.

"సేటూ, డబ్బ ఇప్పి సూడు" అన్నాడు మల్లయ్య, నవ్వు ఆపుకోలేక.

సేటు ముడి విప్పి, డబ్బాను కుడిచేత్తోనే మెట్టు మీదికి ఎత్తారు. మూత తియ్యలేదు. "నిండ ఐదు లీటర్లు" అన్నారు. "ముందుగాల గ్లాసెడు పోసిన నాడే తెలిసింది. నలభై ఏండ్లు సంచి లేపి తూకం చెప్పినోణ్ణి. డబ్బ పైకి గుంజుడు తగ్గితే తెల్వదా?"

మా ఇద్దరి ముఖాలూ వెలవెలబోయాయి. "మరి చెప్పలేదేం?" అన్నాను.

"చెప్తే పోసుడు బంద్ చేస్తడు. నేనీదుత అని నాకే నమ్మకం లేకుండె మేడం. ఈయన నమ్మిండు. గ్లాసు గ్లాసు పోసుకుంట నమ్మిండు."

నేను అలవాటుగా చొక్కా పట్టుకుని నిలబడ్డాను. ఆయన అందుకుని తనే తొడుక్కున్నారు.

ఆసరా తీసేస్తే పేషెంటుకు తెలియదనుకునేదాన్ని. తెలుస్తుంది. తెలిసీ మన మీద నమ్మకంతో ఊరుకుంటారు. ఇప్పుడు కొత్తవాళ్ళు వస్తే గోనియోమీటర్ తర్వాత తీస్తాను. ముందు, చిన్నప్పుడు ఏ ఒడ్డున కూర్చుండిపోయారో అడుగుతాను.

డబ్బా విప్పిన మర్నాడు పద్మగారు ఫోన్ చేశారు.

"ఇయ్యాల తల ఆయనే దువ్వుకొని మిల్లుకు పోయిండు మేడం. పాపిడి వంకరగ వచ్చింది. నేను దిద్దలే."