కడుపులో ఆడని కాళ్ళు

నా కడుపులో పిల్ల కదిలేది కాదు. అది మంచి లక్షణమనుకున్నారు మా అత్తగారు. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు మండపేట దగ్గరున్న మా ఊరి కాలవకి వచ్చిన కొత్త రోజులవి. పేరంటానికి ఎవరొచ్చినా ఆవిడ, "మా కోడలి కడుపున పడింది బంగారమండీ. తన్నదు, పొడవదు, ఎంత బుద్ధో!" అని మురిసిపోయేవారు. ఇంకా పుట్టని బిడ్డకి బుద్ధిమంతుల్లో లెక్క! నాకు ఒళ్ళు మండిపోయేది. పక్కింటి చూలాలు "అబ్బా, డొక్కలో పొడిచేస్తున్నాడే" అని విసుక్కుంటుంటే దాన్ని చూసి కుళ్ళుకునేదాన్ని. పొట్ట మీద చెయ్యి వేసుకుని, కాస్త తన్నవే అని బతిమాలేదాన్ని.

పురుడు అత్తగారింట్లోనే వచ్చింది. అమ్మ లేని నాకు పుట్టిల్లెక్కడిది? ఆడపిల్ల. ఏడుపు గట్టిగానే ఏడ్చింది. కాని పాదాలు రెండూ లోపలికి ముడుచుకుపోయి, అరికాళ్ళు ఒకదాన్నొకటి చూస్తున్నాయి. అత్తగారు గుమ్మంలో కూలబడ్డారు.

"గ్రహణం పట్టిన్నాడు కదిలావుటే?"

"లేదండీ. మీరు చెప్పినట్టే కట్టెలా పడుకున్నాను."

మంత్రసాని పిల్ల కాలు పట్టుకుని మెల్లగా తిప్పి చూసింది. "గ్రహణమూ లేదు, ఏమీ లేదండీ. ఉమ్మనీరు బొత్తిగా లేదు. మసలడానికి చోటే లేకపోతే పిల్ల కాలెలా ఆడిస్తాదండీ? ఆడని కాలు చక్కగా ఎలా తయారవుద్ది?"

"నడుస్తుందా?" అన్నాను. నాకు కావలసింది అదొక్కటే.

"ఎముక లేతగా ఉందండీ. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు కదా. రోజూ నీళ్ళు పోసేటప్పుడు పాదం బయటికి లాగి రుద్దాలి. లోపల ఆడాల్సిన ఆటంతా ఇప్పుడు చేత్తో ఆడించాలండీ."

పిల్లకి నీళ్ళు పొయ్యడం మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళ పని. అత్తగారు మొదటిరోజు కాస్త లాగారో లేదో పిల్ల కెవ్వుమంది. "నా వల్ల కాదమ్మాయ్, అంత గుండె నాకు లేదు" అని లేచిపోయారు. ఇక నేనే కాళ్ళు చాపుకుని, పిల్లని వాటి మీద పడుకోబెట్టుకుని, గోరువెచ్చని నువ్వుల నూనె రాసి, పాదం తిప్పి పట్టుకునేదాన్ని. గుక్కపట్టి ఏడ్చేది. నేనూ ఏడ్చేదాన్ని, చెయ్యి మాత్రం వదిలేదాన్ని కాదు. నీళ్ళు పొయ్యడం అవగానే అత్తగారు పిల్లని మెత్తటి పాత చీరలో చుట్టుకుని, సాంబ్రాణి పొగ వేసి, జోకొట్టేవారు. ఏడిపించడం నా వంతు, ఊరుకోబెట్టడం ఆవిడ వంతు.

ఇరుగుపొరుగు ఊరుకుంటారా? "కన్నతల్లా, కసాయిదా?" అన్నారు. "రేపు నా పిల్ల దేకుతుంటే మీరొచ్చి మోస్తారా?" అని నేనూ గట్టిగానే అడిగాను.

పాదాలు కొంచెం కొంచెంగా తిరిగాయి. దాని ఈడు పిల్లలు పరుగులు పెడుతుంటే మాది గోడ పట్టుకుని నిలబడింది. ఒక ఉదయం పెరట్లో నూనె గిన్నె పెట్టుకుని పిలిచాను. పిల్ల గిన్నెని చూసింది, నన్ను చూసింది. గోడ వదిలేసింది. అరికాలు పూర్తిగా నేలకి ఆనించి అడుగు వేసింది. ఇంకో అడుగు. నా బంగారుతల్లి నడిచింది! నడిచి నడిచి, పెరటి గుమ్మంలో ఉన్న అత్తగారి చీర కుచ్చెళ్ళలో మొహం దాచుకుంది.

"నడిచిందర్రోయ్!" అని అత్తగారు వీధంతా వినపడేలా కేకేశారు. నేను చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. సంతోషమే. సంతోషం కాక మరేమిటి? అయినా నూనె గిన్నెని దూరంగా తోసేశాను.

ఇప్పుడు దానికీ పిల్లలు. వరిగట్ల మీద నాకంటే చురుగ్గా నడుస్తుంది. నేనంటే గౌరవమే, వేళకి అన్నం పెడుతుంది, మందు నూరి ఇస్తుంది. కాని పక్కన కూచుంటే మాత్రం పాదాలు చీర కిందకి లాక్కుంటుంది. ఎందుకో దానికే తెలియదు. వాటిని ఒళ్ళో పెట్టుకోవాలని నాకు ఎంత ఆశో! లాగనే తల్లీ, ఊరికే పట్టుకుంటాను.